తిథి ఉన్నవారి ఊరు

ఇల్లు తనది కానివాడు అతిథిని ఆహ్వానించగలడా అన్న సందేహం మామూలు రోజుల్లో ఎవరినీ పెద్దగా బాధపెట్టదు; అద్దె ఇళ్ళలో ఉండేవారు కూడా చుట్టాలకు అన్నం పెడుతూనే ఉన్నారు కాబట్టి, దాన్ని తీరిక దొరికినవారి చిక్కుముడిగా కొట్టివేయవచ్చు. అయితే అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు ఆగ్నేయ మూలన, మెక్సికో సరిహద్దుకు సుమారు 15 మైళ్ళ ఉత్తరాన, కొండల పాదాల దగ్గర ఉన్న ఫోర్ట్ వాచూకా అనే సైనిక స్థావరాన్ని చూడవచ్చిన మనిషిని గురించి ఆలోచించినప్పుడు ఈ సందేహం అంత తేలికగా పక్కకు తప్పుకోదు. అక్కడ సుమారు 73 వేల ఎకరాల నేల ప్రభుత్వానిది, ఇళ్ళు వాటిలో కాపురముండేవారివి కావు, ఆ కాపురమున్నవారు సైతం ఒక ఉత్తర్వు మీద వచ్చి మరొక ఉత్తర్వు మీద వెళ్ళిపోయేవారు. ఈ రాకపోకకు అమెరికా సైన్యం వాడే పేరు 'పర్మనెంట్ చేంజ్ ఆఫ్ స్టేషన్', అంటే శాశ్వత స్థాన మార్పు. కొద్ది రోజుల పనిమీద వేరేచోటికి వెళ్ళిరావడం నుంచి, కుటుంబంతో సామానుతో కదిలిపోవడాన్ని వేరుచేసి చూపడానికి ఆ విశేషణం అవసరమైంది. కానీ మూడేళ్ళకొకసారి బడి మారే పిల్లలు ఆ మాట వింటూ పెరుగుతారు, శాశ్వతం అంటే సుమారు మూడేళ్ళని నేర్చుకుంటారు.

అలాంటి చోటికి చూడవచ్చినవాడు ముందు ద్వారం దగ్గర ఆగి, గుర్తింపు పత్రం చూపి, తన గతం మీద తనిఖీ పూర్తయిన తరువాత ఒక అనుమతి పత్రం తీసుకుంటాడు. లోపల ఉండే స్నేహితుడో బంధువో పిలవగా వచ్చినవాడైతే, ఆ పిలిచినవాణ్ణి 'స్పాన్సర్' అంటారు. వచ్చినవాడి నడవడికకు పూచీ పడినవాడని దాని అర్థం. తెలుగులో జామీను అన్న మాటకు ఉన్న బరువంతా ఆ స్నేహితుడి మీద పడుతుంది. ఇంటికి వచ్చినవాడికి ఇంటివాడు ఋణపడి ఉంటాడన్నది పెద్దల లెక్క కాగా, ఇక్కడ ఇంటివాడు వచ్చినవాడి గురించి మూడోవారికి జవాబు చెప్పుకోవాలి. పిలుపుకూ రాకకూ మధ్య ఆ మూడోవారు ఎప్పుడూ ఉంటారు. కాఫీ తాగుతున్న ఇద్దరికీ అది తెలుసు, ఇద్దరూ దాన్ని పట్టించుకోకుండా ఉండడం అలవాటు చేసుకుంటారు. ఇది తప్పని అనడానికి లేదు, ఎందుకంటే అది ఆయుధాలూ రహస్యాలూ ఉన్న చోటు. తప్పు లేని చోట కూడా ఏదో లోటు కనిపిస్తున్నదన్నదే ఈ వ్యాసకర్తను వదలని విషయం.

అతిథి దేవుడన్న మాట ఎంత మంచి మనసులో పుట్టినా, అది ఎప్పుడూ గడప లోపలివాడి నోట వచ్చే మాట. గడప ఎవరిదో అప్పటికే తేలిపోయి ఉంటుంది. వచ్చినవాడికి దేవుడి స్థానం ఇచ్చినకొద్దీ ఇచ్చినవాడి యజమానితనం మరింత గట్టిపడుతుంది. దేవుణ్ణి కూర్చోబెట్టడానికి ఒక పీట కావాలి, పీట వేయడానికి ఒక నట్టిల్లు కావాలి, నట్టింటికి ఒక హక్కుదారు కావాలి. ఆ హక్కు తేలని చోట ఆ మాట ఏమవుతుందో దాన్ని వల్లించేవారు ఎవరూ చెప్పరు.

పోనీ అతిథి అన్న మాటనే విప్పి చూస్తే చిక్కు ఇంకొంచెం బిగుస్తుంది. ఆ మాటను తిథి లేనివాడు అని విడదీయడం సంప్రదాయం. ఏ రోజు వస్తాడో, ఏ రోజు వెళ్తాడో ముందుగా ఎవరూ రాసి పెట్టుకోనివాడు అతిథి. ఆ లెక్కన ఫోర్ట్ వాచూకా కోటలో ఉన్నవారిలో ఒక్కరు కూడా అతిథి కారు, ఎందుకంటే అందరికీ తిథి ఉంది. వచ్చిన తేదీ, వెళ్ళవలసిన తేదీ, రెండూ కాగితం మీద ఉన్నాయి. వారిని చూడవచ్చినవాడి అనుమతి పత్రం మీదా ఒక తేదీ ఉంది. ఆ వచ్చినవాడు ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఉద్యోగం చేసుకునే తెలుగువాడే అయితే, అతని వీసా మీద మూడేళ్ళకొక తేదీ ఉంటుంది. నేల తమది కాదు గనుక వీరు ఇంటివారు కారు. తిథి ఉన్నది గనుక అతిథులూ కారు. ఈ రెండూ కానివారికి తెలుగులో పేరు వెతికితే బాటసారి అన్న మాట దొరుకుతుంది గాని, బాటసారులు పచ్చిక పెంచరు, పిల్లలకు పుట్టినరోజులు చేయరు, చర్చిలో పాటల బృందాన్ని నడపరు. వీరు అవన్నీ చేస్తారు.

ఊరు అన్న మాటకు తెలుగువారి మనసులో ఉన్న కొలత వేరు. నడిబొడ్డున పాతిన బొడ్రాయి, పొలిమేరన పోచమ్మ, ఒక చెరువు, ఒక వల్లకాడు, ఎవరు ఎవరి మనుమడో వరస తప్పకుండా చెప్పగల ఒక ముసలమ్మ ఉన్నప్పుడే అది ఊరనిపిస్తుంది. ఉన్న ఊరు కన్నతల్లి అన్న సామెతకు వెనుక ఉన్నది ఈ కొలతే. అయితే కన్నతల్లి కన్నవారికే తల్లి అవుతుంది. బదిలీ మీద వచ్చినవాడికి ఆమె ఏమవుతుందో, కన్నబిడ్డలను ఎవరో వెళ్ళగొట్టిన తరువాత ఆమె ఎవరికి తల్లిగా మిగులుతుందో ఆ సామెత చెప్పదు. వాచూకా లోయలో ఈ రెండో ప్రశ్నే మొదట ఎదురవుతుంది.

ఈ నేల అమెరికాకు రెండు ఒప్పందాల మీదుగా చేరింది. 1846లో మొదలైన యుద్ధంలో మెక్సికో ఓడిపోయాక, 1848లో కుదిరిన గ్వాడలూపే హిడాల్గో ఒప్పందం వల్ల ఉత్తర భూభాగమంతా చేతులు మారింది గాని, హీలా నదికి దక్షిణాన ఉన్న ఈ ప్రాంతం మెక్సికోకే మిగిలింది. 1853లో సంతకమైన గ్యాడ్స్‌డెన్ కొనుగోలు ద్వారా, చివరికి కోటి డాలర్లకు, సుమారు 30 వేల చదరపు మైళ్ళ నేలను అమెరికా కొన్నది. వాచూకా కొండలు ఆ కొన్న నేలలోనివి. మొదటి ఒప్పందపు పదకొండో అధికరణం చదివితే ఆ కాలపు మనసు తెలుస్తుంది: అపాచీల వంటి తెగలు సరిహద్దు దాటి మెక్సికో మీద దాడులు చేయకుండా అమెరికాయే ఆపాలని అందులో రాసుకున్నారు, ఆ పని చేతకాక రెండో ఒప్పందంలో ఆ షరతును కొట్టివేయించుకున్నారు. అమ్మినవాడికీ కొన్నవాడికీ కూడా ఆ నేల మీద తిరిగేవారు తమ చెప్పుచేతల్లో లేరని తెలుసు. అయినా అమ్మకం జరిగింది, దస్తావేజు నిలిచింది.

1877 మార్చి 3న శామ్యూల్ విట్‌సైడ్ అనే కెప్టెన్ ఆ కొండల నోట, నీటి ఊట దగ్గర ఒక తాత్కాలిక దండును దించాడు. 1882లో అది కోట హోదా పొందింది. అదే ఏడాది అమెరికా, మెక్సికో ఇంకొక అంగీకారానికి వచ్చాయి: అపాచీలను తరుముతున్నప్పుడు ఒక దేశపు సైన్యం మరొక దేశంలోకి వెళ్ళవచ్చునని. అంటే గీత గీసినవారే, అవసరమైనంత మేర, ఒకరికొకరు గీతను తెరిచి ఇచ్చుకున్నారు. 1886 మేలో లాటన్ అనే కెప్టెన్ నాయకత్వంలో ఒక దళం ఈ కోటనుంచే బయలుదేరి మెక్సికో కొండల్లోకి వెళ్ళింది. వారు వెతుకుతున్నది చిరికావా అపాచీలలో లొంగకుండా మిగిలిన జెరోనిమో బృందాన్ని. ఆ బృందంలో స్త్రీలూ పిల్లలతో కలిపి నలభై మంది కూడా లేరు, వారి కోసం అమెరికా ప్రభుత్వం దింపిన సైనికులు సుమారు 5 వేల మంది. జనరల్ నెల్సన్ మైల్స్ కొండ శిఖరాల మీద హీలియోగ్రాఫ్ కేంద్రాలు పెట్టించాడు. హీలియోగ్రాఫ్ అంటే అద్దంతో సూర్యకాంతిని తళుక్కున మెరిపించి, ఆ మెరుపుల లెక్కతో దూరానికి వార్త పంపే సాధనం. ఎండకు కొదవలేని దేశంలో అది చక్కగా పనిచేసింది గాని, జెరోనిమోను పట్టుకున్నది అద్దాలూ కావు, 5 వేల మందీ కారు.

అతని దగ్గరికి వెళ్ళగలిగినవారు ఇద్దరు, కయీటా, మార్టీన్. ఇద్దరూ చిరికావాలే. కొండల్లో ఉన్నవారికి దగ్గరివారు, వారిలో కొందరికి బంధువులు; లెఫ్టినెంట్ చార్లెస్ గేట్‌వుడ్ వెంట సైన్యం తరఫున మాట్లాడడానికి వెళ్ళారు. 1886 ఆగస్టులో, ఎండిన కొండ మీద తుపాకులు ఎక్కుపెట్టి కూర్చున్న తమ వాళ్ళ దగ్గరికి వారు ఆయుధబలం లేకుండా నడిచి ఎక్కారు. ఈ కథను ఎన్నిమార్లు చదివినా ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది. ఆ నడకలో వారు ఎవరు? సైన్యానికి దూతలా, సైన్యం పంపిన వేటగాళ్ళా, తమవాళ్ళ చావును తప్పించాలని వెళ్ళిన బంధువులా, లేక బంధువుల ఇంటికి పోయిన అతిథులా? పైనున్నవారు కాల్చలేదు. పైకి రానిచ్చారు, కూర్చోనిచ్చారు, మాట విన్నారు. గడప లేదు, ఇల్లు లేదు, తరిమేవాడికీ దాక్కున్నవాడికీ మధ్య వట్టి కొండచరియ. వచ్చినవాడు శత్రువు పక్షాన వచ్చినట్లు కళ్ళముందే తెలుస్తున్నది. అయినా వచ్చినవాడిని రానివ్వడం అనేది జరిగింది. ఆ కోట చరిత్రలో ఆతిథ్యమన్న మాటకు తగిన సంఘటన వెతికితే మొదట దొరికేది ఇదే కావడం, దాన్ని చేసినవారు తరిమివేయబడుతున్నవారే కావడం, ఈ వ్యాసంలో ముందు చెప్పినదాన్ని సగం పడగొడుతుంది. ఇల్లు లేనివాడు ఆతిథ్యం ఇవ్వలేడని తర్కం చెప్పింది, ఇచ్చాడు.

సెప్టెంబర్ 4న స్కెలిటన్ క్యాన్యన్ అనే లోయలో జెరోనిమో లొంగిపోయాడు. తరువాత నాలుగు రోజులకు ఫోర్ట్ బోవీ నుంచి అతని బృందాన్ని రైలెక్కించడానికి తీసుకుపోతున్నప్పుడు సైనిక వాద్యబృందం 'ఆల్డ్ ల్యాంగ్ సైన్' వాయించింది. అది పాత స్నేహాలను తలచుకుంటూ ఆంగ్లం మాట్లాడే ప్రపంచంలో వీడ్కోలు వేళ పాడుకునే పాట. అప్పటికి వాయిస్తున్నవారి మనసులో ఏముందో ఎవరూ చెప్పలేరు, వెక్కిరింతగా వాయించారనుకోవడం సులువు గాని, వెళ్ళిపోతున్న మనిషికి ఏదో ఒకటి వాయించాలన్న అలవాటు కూడా కావచ్చు. దాని తరువాత జరిగినది మాత్రం ఏ వ్యాఖ్యానంతోనూ మెత్తబడదు. లొంగినవారితో పాటు, లొంగమని చెప్పడానికి కొండెక్కిన కయీటానూ, మార్టీన్‌నూ, ఏళ్ళ తరబడి సైన్యం జీతం మీద దారి చూపించిన ఇతర చిరికావా స్కౌట్లనూ, అంటే జాడలు తీసే వేగులవారినీ, ఎప్పుడో లొంగి శాంతంగా బతుకుతున్న కుటుంబాలనూ అందరినీ యుద్ధఖైదీలుగా ఫ్లోరిడాకు పంపారు. ఫ్లోరిడా, అలబామా, చివరికి ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్, 27 ఏళ్ళు. 1909లో జెరోనిమో అక్కడే ఖైదీగానే చనిపోయాడు. 1913లో మిగిలినవారిని విడిచినప్పుడు కొందరు న్యూమెక్సికోలోని మెస్కలెరో తెగవారి నేలకు వెళ్ళారు, కొందరు ఓక్లహోమాలోనే ఉండిపోయారు. అరిజోనాలోని సొంత నేలకు తిరిగివెళ్ళే దారి వారికి ఇవ్వలేదు.

ఇంతవరకు వచ్చాక తీర్పు చెప్పేయవచ్చుననిపిస్తుంది: కన్నబిడ్డలను వెళ్ళగొట్టి నిలబెట్టిన గోడల మధ్య ఎవరు ఎవరికి కాఫీ ఇచ్చినా అది ఆతిథ్యం కాదని. ఆ తీర్పులో కోపం నిజమైనదే, కానీ అందులోని తర్కం నిలవదు. అపాచీలు ఈ లోయకు బలంగా రాకముందు సాన్ పెడ్రో నది ఒడ్డున సోబైపురీలు అనే ఓఓధామ్ జాతివారు పొలాలు చేసుకునేవారు. అపాచీ దాడుల ఒత్తిడికి తాళలేక 1762లో వారు ఆ లోయను విడిచి పడమటికి వెళ్ళిపోయారు. ఇంకా వెనక్కి పోతే, నేటి సియెర్రా విస్టా పట్టణానికి దగ్గరలోనే మర్రే స్ప్రింగ్స్ అన్న చోట, సుమారు 13 వేల ఏళ్ళ కిందట మామత్‌లను, అంటే ఏనుగు జాతికి చెందిన అంతరించిన భారీ జంతువులను వేటాడిన మనుషుల ఆనవాళ్ళు దొరికాయి. అక్కడ ఇళ్ళు లేవు, బొడ్రాయి లేదు. రాతి మొనలు, ఎముకలు, వేటగాళ్ళు కొద్ది రోజులు దిగి వెళ్ళిన విడిది. ఆ లోయలో మనిషి గురించి దొరికిన అతి పాత సాక్ష్యమే ఒక దండు. నీళ్ళ దగ్గర ఆగి, పని చూసుకుని, వెళ్ళిపోయినవారి దండు. హక్కుదారు కోసం వెనక్కి నడిచేకొద్దీ వచ్చి వెళ్ళినవారే తగులుతారు.

అలాగని అందరూ బాటసారులే కాబట్టి ఎవరికీ అన్యాయం జరగలేదనే ముగింపుకు పోవడం ఇంకా పెద్ద తప్పు. చిరికావాలు తమంతట తాము వెళ్ళలేదు, పంపబడ్డారు. వెళ్ళడానికీ పంపబడడానికీ మధ్య తేడాను 13 వేల ఏళ్ళ దూరం నుంచి చూసి చెరిపేయడం తత్త్వచింతనకు తగదు.

కోట చరిత్రలో ఇంకొక పుట ఈ చిక్కును మరోవైపు నుంచి చూపిస్తుంది. 'బఫెలో సోల్జర్స్' అని పేరుపడిన నల్లజాతి సైనిక దళాలు నాలుగూ ఏదో ఒక కాలంలో ఇక్కడ ఉన్నాయి. వాటిలో పదో అశ్వికదళం 1913 చివర వచ్చి 1931 దాకా ఉండి, మెక్సికో విప్లవం నడుస్తున్న రోజుల్లో సరిహద్దు కాసింది. రెండో ప్రపంచయుద్ధంలో 93వ, 92వ పదాతి డివిజన్ల నల్ల సైనికులు వేలకొద్దీ ఇక్కడ శిక్షణ పొందారు. అప్పుడు కోటలో ప్రతిదీ రెండేసి కట్టారు. తెల్ల అధికారులకు ఒక క్లబ్బు, నల్ల అధికారులకు మౌంటెన్ వ్యూ అనే మరొక క్లబ్బు; రెండు ఆసుపత్రులు, వాటిలో నల్లజాతి వైద్యులూ నర్సులూ నడిపినదానికి మిడియన్ బౌస్‌ఫీల్డ్ అధిపతి. దేశం కోసం చావడానికి పంపుతున్నవారిని ఆ దేశం తన భోజనశాలలోకి రానివ్వలేదు. అయినా ఆ వేరుపెట్టిన క్లబ్బులోనే 1943లో నల్లజాతి చిత్రకారుల ప్రదర్శన ఒకటి జరిగింది. అవమానంగా కట్టి ఇచ్చిన గది కొంతకాలానికి, అందులో కూర్చున్నవారి వల్ల, వారి ఇల్లయింది. ఇప్పుడు ఆ కలప భవనాన్ని కూల్చకుండా కాపాడాలని పోరాడినవారు దాని అవమానాన్ని మరిచిపోలేదు, దాని ఇంటితనాన్నీ మరిచిపోలేదు. ఇల్లు అనేది దస్తావేజుతో మొదలవుతుందన్న నమ్మకానికి ఇది రెండో దెబ్బ.

మూడో దెబ్బ తెలుగు నేల మీదనే ఉంది, దాన్ని తెలుగువారు గుర్తించకపోవడమే విచిత్రం. సికింద్రాబాద్ 1806లో ఆ పేరు పెట్టుకున్న కంటోన్మెంటు, అంటే బ్రిటిషువారి దండు నివాసం. లష్కర్ అంటేనే సైన్యం, పాతబస్తీవారు ఇప్పటికీ ఆ వైపును లష్కర్ అనే పిలుస్తారు. 1813లో ఇక్కడినుంచి ఉజ్జయినికి బదిలీ అయిన పటాలంలో డోలీలు మోసే సూరిటి అప్పయ్య, కలరా తగ్గితే అమ్మను తన ఊరికి తెస్తానని మొక్కుకుని, తిరిగివచ్చి 1815లో చెక్క విగ్రహాన్ని నిలిపాడని ఉజ్జయిని మహంకాళి ఆలయ సంప్రదాయం చెబుతుంది. లష్కర్ బోనాలంటే నగరానికంతటికీ పుట్టింటి పండుగ. బదిలీ ఉత్తర్వు మీద పోయినవాడు తెచ్చిన దేవత, దండు కోసం వెలసిన బస్తీలో, ఊరి దేవతల వరసలో కూర్చున్నది. పోచమ్మ పక్కన కొత్తగా వచ్చిన అమ్మను నీ తిథి ఎప్పటిదని ఎవరూ అడగలేదు. దండు ఊరు కాలేదన్న మాట లష్కర్ ముందు నిలవదు. ఒక్క తేడా మాత్రం మిగులుతుంది: అప్పయ్య తిరిగివచ్చాడు, ఉండిపోయాడు. వాచూకా మనిషి మూడేళ్ళకు వెళ్ళిపోతాడు.

అయినా అక్కడా ఉండిపోయేవారు ఉన్నారు. కోట తూర్పు ద్వారం బయట చిన్న దుకాణాల వరసగా మొదలై, ఫ్రై అన్న కుటుంబం పేరుతో పిలవబడి, 1956లో పురపాలక హోదా పొందిన సియెర్రా విస్టాలో ఇప్పుడు సుమారు 45 వేల మంది ఉంటారు. వారిలో ఎంతోమంది ఒకప్పుడు బదిలీ మీద వచ్చి, పదవీ విరమణ తరువాత కొండలు చూసుకుంటూ మిగిలిపోయినవారు. కోట 1947లో ఒకసారి మూతపడింది. ఆ ఏడాదే సైన్యంలో చివరిగా మిగిలిన అపాచీ స్కౌట్లు, చిరికావాలు కాక వారికి దగ్గరి తెగవారు, ఇక్కడినుంచే విరమణ పొందారు. కొరియా యుద్ధం కోసం 1951లో తెరిచి, మళ్ళీ మూసి, 1954లో మరల తెరిచింది ఎలక్ట్రానిక్ పరికరాలను పరీక్షించడానికి. చుట్టూ కొండలు గోడల్లా నిలిచి బయటి రేడియో తరంగాలను ఆపడంతో ఆ లోయ నిశ్శబ్దంగా ఉండడమే అందుకు కారణం. 1971లో సైనిక గూఢచార శిక్షణ కేంద్రం మేరీలాండ్ నుంచి ఇక్కడికి వచ్చింది. ఆకాశంలో తాడుకు కట్టిన తెల్లటి రాడార్ బెలూన్ ఒకటి దక్షిణం వైపు చూస్తూ ఉంటుంది. పుట్టిన కారణం 1886లోనే తీరిపోయినా, ప్రతి తరం కోటకు ఒక కొత్త కారణాన్ని వెతికి ఇచ్చింది.

2025లో కారణం మళ్ళీ సరిహద్దుకే తిరిగివచ్చింది. దక్షిణ సరిహద్దు కోసం ఏర్పాటైన సంయుక్త కార్యదళానికి ఈ కోట కేంద్రస్థానమైంది. ఏప్రిల్‌లో ఇంకొకటి జరిగింది. 1907లో అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్ట్ సరిహద్దు వెంబడి ప్రభుత్వానికి కేటాయించి ఉంచిన 60 అడుగుల పట్టీలో న్యూమెక్సికో భాగాన్నీ, దాన్ని ఆనుకున్న కొంత నేలనూ కలిపి సుమారు లక్షా పదివేల ఎకరాలను మూడేళ్ళ కాలానికి సైన్యానికి అప్పగించి, ఫోర్ట్ వాచూకాలో భాగంగా ప్రకటించారు. ఇక్కడా మూడేళ్ళే. అసలు కోటకు 70 మైళ్ళకు పైగా తూర్పున మొదలయ్యే ఆ ఇసుక మీద, రాత్రివేళ దక్షిణంనుంచి కాలు మోపిన మనిషి ఇప్పుడు చట్టం దృష్టిలో ఫోర్ట్ వాచూకాను చూడవచ్చినవాడు. స్పాన్సర్ లేకుండా, అనుమతి పత్రం లేకుండా సైనిక స్థావరంలోకి వచ్చినవాడు. అలా వచ్చినవారి మీద అక్రమ ప్రవేశపు అభియోగాలు అదనంగా మోపారు. మే నెలలో న్యూమెక్సికోలోని ఒక ఫెడరల్ మేజిస్ట్రేట్ న్యాయమూర్తి వాటిలో అనేక అభియోగాలను కొట్టివేశాడు. తాము అడుగుపెట్టినది సైనిక భూమి అని వారికి తెలుసుననడానికి ఆధారం లేదన్నది ఆ తీర్పుకు మూలం.

ఆ మనిషికి ఏ రోజు చేరతాడో తెలియదు, ఏ రోజు తిరిగిపోతాడో తెలియదు, ఎక్కడ అడుగుపెట్టాడో కూడా తెలియదు. 2025 నాటికి కోటకున్న నూట నలభై ఎనిమిదేళ్ళ చరిత్రలో తిథి లేకుండా వచ్చినవాడు ఇతడే. అతిథి అన్న మాటకు అక్షరాలా సరిపోయిన ఒక్కడినీ పట్టుకోవడానికి కోట తన ఎల్లను అతని కాళ్ళ కిందికి జరిపింది. సరిహద్దును కాయడం ప్రతి దేశపు హక్కన్న వాదాన్ని ఈ వ్యాసం కాదనడం లేదు. ఆ హక్కును ఒప్పుకున్న తరువాత కూడా ఈ దృశ్యం మనసులో కుదురుగా కూర్చోదు.

ఇల్లు తనది కానివాడు అతిథిని ఆహ్వానించగలడా అన్న మొదటి ప్రశ్నకు జవాబు ఇంటి నుంచి కాక నీటి నుంచి వస్తుందేమో చూడాలి. ఇంటికి వచ్చినవాడికి తెలుగువారు మొదట ఇచ్చేది మంచినీళ్ళు. కులం, పని, పేరు అడగడం అంతా ఆ తరువాతే. వాచూకాలో ఆ నీళ్ళు ఎవరివి? సాన్ పెడ్రో నది మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో, కనానేయా గనుల ప్రాంతంలో పుట్టి, ఉత్తరానికి పారి, గీతను దాటి ఈ లోయలోకి వస్తుంది. వాన లేని నెలల్లో ఆ నదిలో నడిచేది భూగర్భంనుంచి ఊరిన నీరు. కోటా, పట్టణమూ బోర్లతో తోడుకునేది కూడా ఆ భూగర్భజలాన్నే. తోడేకొద్దీ నది సన్నబడుతుంది. 1988లో సుమారు 40 మైళ్ళ నదీతీరాన్ని అమెరికా కాంగ్రెసు రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. కోట తన వాడకాన్ని చాలా తగ్గించుకుంది, పట్టణం మురుగునీటిని శుద్ధిచేసి తిరిగి నేలలోకి ఇంకిస్తున్నది. ఈ పనిలో శ్రద్ధ నిజమైనది, అక్కడివారు నదిని ప్రేమిస్తారు. కోట వంటింటి కుళాయి తిప్పి వచ్చినవాడికి గ్లాసు నింపి ఇచ్చే సైనికుడి భార్య ఇస్తున్నది తన నీళ్ళు కావు, ప్రభుత్వానివీ కావు. ఆమె కూడా ఆ నది ఇంట నాలుగు రోజులు ఉండవచ్చినదే. అయినా గ్లాసు ఇచ్చింది ఆమె, దాహం తీరింది.

కోటకు పడమటగా, టూసాన్ నగరానికి నైరుతిన ఉన్న ఎడారిలో 2000ల మొదటి ఏళ్ళనుంచి ఒక చలివేంద్రం నడుస్తున్నది. తెలుగు మాటల్లో దానికి సరిపోయే పేరు అదొక్కటే. ఎండకు దాహంతో చనిపోయే వలసదారుల సంఖ్య పెరగడం చూడలేక టూసాన్‌లో కొందరు హ్యూమేన్ బోర్డర్స్ అనే సంస్థను పెట్టుకుని, నేల యజమానుల అనుమతితో, నీలిరంగు పీపాల్లో నీళ్ళు నింపి, దూరానికి కనిపించేలా ఎత్తయిన కర్రకు నీలిజెండా కట్టి ఉంచుతారు. దక్షిణ అరిజోనా ఎడారిలో ఈ కాలంలో దొరికిన మృతదేహాలు వేలల్లో ఉన్నాయి, పీపాలు ఆపగలిగినవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేరు. అక్కడ నీళ్ళు పోసినవాడికి ఆ నేల సొంతం కాదు, తాగినవాడికి పోసినవాడి ముఖం తెలియదు, ఇద్దరూ ఒకే వేళ అక్కడ ఉండరు. ఎవరూ ఎవరికీ పూచీ పడలేదు. కొన్నిసార్లు ఎవరో వచ్చి పీపాకు బొక్క పొడిచి పోతారు. సంస్థవారు మళ్ళీ వచ్చి కొత్తది పెడతారు.

ఈ ప్రాంతంనుంచి ఉత్తరానికి పోయే దారులమీద సరిహద్దు గస్తీదళం తనిఖీ కేంద్రాలు ఉన్నాయి. సియెర్రా విస్టానుంచి పైకి పోయే 90వ నంబరు రోడ్డు మీద ఒకటి, పీపాలున్న ఆల్టార్ లోయనుంచి పైకి వచ్చే 286వ నంబరు రోడ్డు మీద మరొకటి. దక్షిణానికి వెళ్ళేటప్పుడు వాటి దగ్గర ఎవరూ ఆపరు. తిరుగు ప్రయాణంలో మాత్రం కోటను చూసి ఫీనిక్స్‌కు పోతున్న తెలుగు కుటుంబమూ, సెలవు మీద పోతున్న సైనికుడూ, ఖాళీ అయిన నీళ్ళ ట్యాంకుతో టూసాన్‌కు తిరిగి వస్తున్న లారీ కూడా వరసలో ఆగి, కిటికీ అద్దం దించి, ఏ దేశపు పౌరులో చెప్పాలి.